వేట పడిన చోటికి ఎవరెవరు వస్తారు?



చైత్ర మాసం వచ్చిందంటే మన కోరాపుట్, రాయగడ జిల్లాల కొండ ఊళ్ళలో చైత పరబ్ సందడి మొదలవుతుంది. ధెంసా ఆట, డప్పుల మోత, కొత్త మామిడికాయ, ఎండబెట్టిన ఇప్పపువ్వు వాసన. ఆ నెలలో మగవాళ్ళు గుంపులుగా అడవికి వేటకు వెళ్ళడం తరతరాలుగా వచ్చిన ఆచారం. సరిహద్దు దాటి అరకు, పాడేరు వైపు వెళ్తే ఇలాంటి పండగనే ఇటుకల పండగ అంటారు. అక్కడ వేట దొరక్క వట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్ళని ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు.

ఈ మధ్య ఎనిమిదో తరగతిలో ఆహారపు గొలుసు పాఠం జరుగుతుంటే వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి అడిగాడు. "సార్, అడవిలో తుపాకి పేలితే పిట్టలన్నీ ఎగిరిపోతాయి కదండీ. మరి కాకులు మాత్రం అటే వస్తాయేటండి?"

తరగతంతా నవ్వింది. కానీ అది నవ్వేసి వదిలేసే ప్రశ్న కాదు. శాస్త్రవేత్తలు కూడా సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకుని అడవుల్లో తిరిగారు. దానికి వచ్చిన జవాబు మన ఊరి పొలిమేర దాకా, మన పిల్లల ఆరోగ్యం దాకా వస్తుంది. అందుకే తరగతిలో చెప్పిన మాటల్ని ఇంట్లో అందరూ చదువుకునేలా ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆదివారం మాంసం కొట్టు దగ్గర చూడండి

అడవి దాకా వెళ్ళక్కర్లేదు. ఆదివారం పొద్దున్న బజారులో మాంసం కొట్టు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి. కొట్టు తలుపు తియ్యకముందే కుక్కలు వచ్చి కూర్చుని ఉంటాయి. కరెంటు తీగల మీద కాకులు బారులు తీరి ఉంటాయి. పైన గద్దలు రెండో మూడో గుండ్రంగా తిరుగుతుంటాయి. మిగతా రోజుల్లో అన్ని ఉండవు. వాటికి కేలండరు తెలీదు, కానీ షట్టరు ఎత్తిన చప్పుడు తెలుసు, కత్తి చప్పుడు తెలుసు, జనం గుమిగూడడం తెలుసు.

ఇంకో సంగతి మన ఇళ్ళలోనే ఉంది. తద్దినం పెట్టి పిండం బయట ఉంచి కాకి కోసం ఎదురు చూస్తాం. రోజూ పిండాలు పెట్టే రేవుల దగ్గర కాకుల్ని పిలవక్కర్లేదు, మనుషులు కూర్చోగానే అవే వచ్చేస్తాయి. ఏ పని తరవాత తిండి దొరుకుతుందో అవి నేర్చుకున్నాయి.

దీన్నే అడవికి వర్తింపజేయండి. వేటగాడు చేసే చప్పుడు, వదిలే వాసన, నడిచే దారి ఇవన్నీ కొన్ని జంతువులకు "పారిపో" అని చెప్తాయి. మరికొన్నిటికి "ఇక్కడ తిండి ఉంది, రా" అని చెప్తాయి. ఒకే చప్పుడుకి రెండు అర్థాలు. వినేది లేడిపిల్లా, కాకా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

తుపాకి చప్పుడే భోజనం గంట

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో జాక్సన్ హోల్ అనే లోయ ఉంది. అక్కడ ఏటా శరదృతువులో లైసెన్సు తీసుకుని ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడతారు. మాంసం మోసుకుపోతూ పేగులు, కొవ్వు అక్కడే వదిలేస్తారు. క్రో వైట్ అనే పరిశోధకుడు అక్కడ ఒక పరీక్ష చేశాడు. (ఆయన పేరులో 'క్రో' అంటే కాకే! పిల్లలు ఈ పేరు మరచిపోరు.) అడవిలో వేరువేరు చోట్ల ఉత్తినే తుపాకి పేల్చి, ఎన్ని మాలకాకులు వస్తాయో లెక్కపెట్టాడు. అలాగే వేరే చప్పుళ్ళు కూడా చేసి చూశాడు. తుపాకి పేలిన చోటికే కాకులు వచ్చాయి, వేరే చప్పుళ్ళకు అలా రాలేదు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే వాటికి తుపాకి చప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం గంట లాంటిది అయిపోయింది.

ఆ పక్కనే ఉన్న ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో వేట నిషేధం. పార్కు బయట ఎల్క్ వేట మొదలయ్యే రోజులకి గ్రిజ్లీ ఎలుగుబంట్లు పార్కు దాటి వేటగాళ్ళు ఉండే వైపుకి జరుగుతున్నాయని 2004లో అక్కడి పరిశోధకులు రాశారు. చలికాలం నిద్రకు ముందు కొవ్వు పట్టాలి, వేటగాళ్ళు వదిలేసిన పేగుల కుప్ప అంటే వాటికి కష్టపడకుండా దొరికిన విందు. అదే పార్కులో మాలకాకులు తోడేళ్ళ గుంపుల వెంటే తిరుగుతాయి. చంపేది తోడేలైనా మనిషైనా వాటి లెక్క ఒకటే.

కాబట్టి మన వెనక బెంచీ అబ్బాయికి జవాబు ఇది. కాకికి తుపాకి అంటే భయం లేక కాదు. తుపాకి తరవాత ఏం దొరుకుతుందో దానికి గుర్తుంది కాబట్టి.

మన అడవిలో ఎవరి వరస ఎలా ఉంటుంది

ఇప్పుడు మన కొండలకి వద్దాం. దేవమాలి చుట్టూ కానివ్వండి, నియమగిరి కానివ్వండి, గుణుపూర్ వైపు అడవులు కానివ్వండి, ఒక అడవిపందో, కుట్రా అని ఒడియాలో పిలిచే మొరిగే జింకో చచ్చి పడితే దాని దగ్గరికి వచ్చేవాళ్ళకి ఒక వరస ఉంటుంది.

పగలైతే ముందు కళ్ళున్నవాళ్ళు వస్తారు. బొంతకాకి మొదట చూసి అరుస్తుంది. ఆ అరుపు విని గద్ద వస్తుంది. పూర్వం ఆ తరవాత రాబందులు దిగేవి. మన దేశపు రాబందు వాసన పట్టి కాదు, చూపుతో వెతుకుతుంది. ఆకాశంలో ఒకదానికొకటి మైళ్ళ దూరంలో తిరుగుతూ, పక్కది కిందికి దిగడం చూసి ఇదీ దిగుతుంది. అందుకే ఒక్కటి దిగిన చోట కాసేపటికి యాభై ఉండేవి.

రాత్రయితే ముక్కున్నవాళ్ళ వంతు. గుంటనక్క, దుమ్ములగొండి, అడవిపంది వాసన పట్టుకుని వస్తాయి. దుమ్ములగొండి ఎముకల్ని కూడా పటపట నమిలేస్తుంది. చిరుతపులి తను చంపిందే తింటుందనుకుంటాం గానీ, ఉత్తినే దొరికిన మాంసం దొరికితే అదీ వదలదు. ఎలుగుబంటికి మన దగ్గర ఇప్పపువ్వు, చెదపురుగులు, పళ్ళే ముఖ్యం, అయినా అప్పుడప్పుడు కళేబరం మీద పడుతుంది. చివరికి ఉడుము, పురుగులు, ఈగలు, చీమలు మిగిలింది ఊడ్చేస్తాయి. ఇంతమంది పని చేస్తే గానీ ఒక జంతువు మళ్ళీ మట్టిలో కలవదు.

ఈ వరసలో మనిషి కూడా ఉన్నాడు. పులి తను చంపిన పశువు దగ్గరికి మళ్ళీ వస్తుందని పాతకాలం వేటగాళ్ళకు తెలుసు. అందుకే కళేబరం పైన చెట్టుకి మంచె కట్టుకుని రాత్రంతా కూర్చునేవాళ్ళు. రాబందులు తిరగడం చూసి పులి ఎక్కడ వేట పడేసిందో కనుక్కునేవాళ్ళు. రేసుకుక్కలు పడేసిన దుప్పిని కర్రలతో అదిలించి ఇంటికి తెచ్చుకోవడం మధ్య భారతం అడవి ఊళ్ళలో చాలాచోట్ల ఉన్నదే. అంటే కాకి మనల్ని చూసి వస్తుంది, మనం రాబందుని చూసి వెళ్తాం. ఎవరి వేటకైనా తినేవాళ్ళు చాలామందే.

మరి పులి, చిరుత మనల్ని చూసి ఏం చేస్తాయి?

కాకి, నక్క దగ్గరికి వస్తాయి సరే. పెద్ద మాంసాహారులు ఎక్కువగా చేసేది దీనికి పూర్తిగా వేరు. తప్పుకుంటాయి.

దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయ పార్కులో నీటి గుంటల దగ్గర స్పీకర్లు పెట్టి, సింహం గుర్రుమనే చప్పుడు, కుక్కల అరుపు, తుపాకి మోత, మామూలుగా మాట్లాడుకుంటున్న మనుషుల గొంతులు వినిపించారు. 2023లో వచ్చిన ఆ అధ్యయనంలో తేలింది ఏటంటే, నీళ్ళకి వచ్చిన జంతువులు సింహం చప్పుడు కన్నా మనిషి మాటకే ఎక్కువగా, ఎక్కువ వేగంగా పారిపోయాయి. చిరుత, దుమ్ములగొండి లాంటివీ అంతే. అడవిలో అన్నిటికన్నా భయపెట్టే జంతువు మనమేనన్నమాట.

అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో ప్యూమా అనే పెద్ద పిల్లి మీద ఇలాంటి పరీక్షే చేశారు. అది చంపిన జింక దగ్గర మనుషుల మాటలు వినిపిస్తే, వదిలేసి పోయింది. మళ్ళీ రావడానికి చాలాసేపు పట్టింది, తినే సమయం సగానికి పైగా తగ్గిపోయింది. ఇళ్ళు ఎక్కువగా ఉన్న చోట్ల ఆడ ప్యూమాలు ఎక్కువ జింకల్ని చంపవలసి వస్తోందని కూడా ఆ పరిశోధకులు గమనించారు. చంపింది తినకుండానే వదిలేస్తే ఆకలి తీరదు కదా, మళ్ళీ చంపాలి.

తల్లిదండ్రులకు ఇది ముఖ్యమైన సంగతి. చిరుత చంపిన మేక దగ్గర జనం పోగై ఫోటోలు తీసుకున్నా, మాంసం లాక్కున్నా, ఆ చిరుత ఆకలితో మళ్ళీ వేటకు దిగుతుంది. ఈసారి పడేది కూడా మేకే కావచ్చు. పైగా తన వేట కోసం దగ్గర్లోనే పొదలో కాచుకుని ఉన్న జంతువు దగ్గరికి మనమే నడిచి వెళ్ళినట్టు అవుతుంది.

ఉచ్చు ఒకరికి, పడేది ఇంకొకరు

ఇంతవరకు చెప్పింది ప్రకృతి పద్ధతి. ఇక్కడినుంచి మనం కలిపిన ప్రమాదాలు.

ఉచ్చు వేసేవాడు అడవిపంది కోసం, కుందేలు కోసం వేస్తాడు. ఉచ్చులో పడిన జంతువు ఊరికే ఉండదు, గింజుకుంటుంది, అరుస్తుంది. ఆ అరుపు చిరుతకి పిలుపు. వచ్చిన చిరుత పక్క ఉచ్చులో పడుతుంది. పొలం చుట్టూ దొంగతనంగా లాగిన కరెంటు తీగ పంది, చిరుత, ఏనుగు అని చూడదు. తెల్లారి చెంబు పట్టుకుని వెళ్ళిన మనిషిని కూడా చూడదు. పందికోసం పిండిలో చుట్టిపెట్టిన నాటు బాంబుని ఇంటి ఆవు కొరికితే దవడ ఎగిరిపోతుంది.

విషం ఇంకా ఘోరం, ఎందుకంటే అది కళేబరం దగ్గరికి వచ్చే వరస మొత్తాన్నీ చంపుతుంది. 2022 మార్చిలో అస్సాంలోని ఛాయ్‌గావ్ దగ్గర విషం కలిపిన మేక కళేబరం తిని దాదాపు వంద రాబందులు చనిపోయాయి. కుక్కల కోసం పెట్టిన విషమని అధికారులు అన్నారు. 2024 జనవరిలో తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ అడవుల్లో పులుల మరణాల వెనక కూడా విషం కలిపిన పశువు కళేబరమే ఉందని తేలింది. పులి తన వేట దగ్గరికి తిరిగి వస్తుందన్న పాత జ్ఞానమే అక్కడ దాని ప్రాణం తీసింది.

కంటికి కనిపించని ఇంకో విషం ఉంది, సీసం. సీసపు తూటా జంతువు ఒంట్లో చిన్న చిన్న ముక్కలుగా చెదిరిపోతుంది. ఆ పేగుల్ని తిన్న పక్షి కడుపులో ఆమ్లం ఆ ముక్కల్ని కరిగిస్తుంది, సీసం రక్తంలో కలుస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందు 1987 నాటికి ప్రపంచం మొత్తం మీద 27 మాత్రమే మిగిలింది. అడవిలో మిగిలినవాటిని కూడా పట్టి తెచ్చి పెంపకం చేసి కాపాడారు. మళ్ళీ అడవిలో వదిలాక వాటిని ఎక్కువగా చంపుతున్నది సీసమేనని తేలింది. 2019 జులై నుంచి కాలిఫోర్నియాలో వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధం. ఆ మాంసం వండుకుని తిన్న ఇంట్లో పిల్లలకు కూడా సీసం మంచిది కాదు. మెదడు ఎదిగే వయసులో దాని దెబ్బ ఎక్కువ.

రాబందు పోయింది, దాని చోటికి ఎవరు వచ్చారు?

ఇంట్లో తాతగార్నో అమ్మమ్మనో అడగండి, ఊరి బయట చచ్చిన గొడ్డుని పడేస్తే ఏమయ్యేదని. రాబందులు దిగి గంటలోపే ఎముకలు మిగిల్చేవని చెప్తారు. రామాయణంలో జటాయువుని మనం పూజగా తలుస్తాం గానీ, ఆకాశంలో ఎగిరే జటాయువుల్ని ఇప్పటి పిల్లలు చాలామంది చూడనే లేదు.

1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం పోయాయి. వెయ్యిలో ఒకటి మిగిలిందన్నమాట. పొడుగుముక్కు రాబందులు కూడా 97 శాతం దాకా తగ్గాయి. కారణం ఏటో కొన్నేళ్ళు ఎవరికీ తెలీలేదు. 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనలో దొంగ దొరికింది. డైక్లోఫెనాక్, అంటే పశువుల నొప్పులకు, వాపులకు ఇచ్చే సూదిమందు. ఆ మందు వేశాక కొద్ది రోజుల్లో గొడ్డు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడైపోతాయి. వంద కళేబరాల్లో ఒక్కదానికన్నా తక్కువ వాటిలో మందు ఉన్నా జాతి కూలిపోవడానికి అది చాలు. ఎందుకంటే ఒక కళేబరం మీద యాభై రాబందులు వాలతాయి, ఆడ రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది.

2006లో భారత ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించింది. మనుషుల మందుని పెద్ద సీసాల్లో కొని పశువులకు వాడుతున్నారని 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు తగ్గించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందుల్ని కూడా పశువులకు ఆపేసింది. రాబందులకు హాని చెయ్యని మెలాక్సికామ్ మందు దొరుకుతోంది. పశువుల డాక్టరు దగ్గర ఆ పేరు అడగొచ్చు.

రాబందులు లేకపోతే కళేబరం ఊరుకోదు, ఇంకొకర్ని పిలుస్తుంది. వీధికుక్కలు వచ్చాయి. కుక్క రాబందంత వేగంగా, అంత శుభ్రంగా తినలేదు. పైగా రేబిస్ మోస్తుంది. రాబందులు తగ్గిపోవడం వల్ల 2000 నుంచి 2005 లోపు మన దేశంలో 5 లక్షలకు పైగా మనుషులు అదనంగా చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో అచ్చయిన పరిశోధనలో అంచనా వేశారు. కలుషితమైన నీళ్ళు, కుక్కకాట్లు, రోగాలు అన్నీ కలిపి వేసిన లెక్క. ఒక పక్షి పోతే ఏటవుతుందిలే అనుకునేవాళ్ళకి ఇది జవాబు.

అయితే ఆశ లేకపోలేదు. 2013లో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. అటవీశాఖ వాటికి కాపలా పెట్టి, మందులు లేని పశువుల కళేబరాల్ని ఆహారంగా పెట్టింది. మనిషి చేసిన తప్పుని మనిషే కొంతైనా దిద్దొచ్చు.

దొమ్మ జబ్బు: మన జిల్లాకి ఇది ఎందుకు ముఖ్యం

అడవిలో వేట పడిన చోటు లాంటిదే ఊరి బయట గొడ్డు చచ్చిన చోటు కూడా. అక్కడికీ అదే వరస వస్తుంది, అందులో మనమూ ఉంటాం. కోరాపుట్ జిల్లాలో ఆంత్రాక్స్, అంటే మన పెద్దవాళ్ళు దొమ్మ అనే జబ్బు, పదేపదే బయటపడుతూ ఉంటుంది. రాయగడలోనూ, సరిహద్దు అవతల అరకు వైపు మన్యంలోనూ కేసులు వచ్చాయి. ఎక్కువసార్లు కథ ఒకటే. ఆవో మేకో ఉన్నట్టుండి చచ్చిపోతుంది, పారెయ్యడం ఇష్టంలేక కోసుకుని పంచుకుంటారు, కొద్ది రోజులకి చేతుల మీద నల్లటి పుళ్ళు లేస్తాయి.

దీని మర్మం ఇక్కడ ఉంది. ఆంత్రాక్స్ క్రిమి మూసి ఉన్న కళేబరం లోపల కుళ్ళుతో పాటే చాలావరకు చచ్చిపోతుంది. కత్తి పడినా, కుక్క చీల్చినా గాలి తగులుతుంది. గాలి తగిలితే అది గట్టి పెంకు కట్టుకుని బీజంగా మారుతుంది. ఆ బీజాలు మట్టిలో దశాబ్దాల తరబడి బతికి ఉంటాయి. అక్కడ గడ్డి మేసిన పశువుకి మళ్ళీ జబ్బు వస్తుంది. రాబందు కడుపులో చాలా గాఢమైన ఆమ్లం ఉంటుంది కాబట్టి అలాంటి మాంసాన్ని కూడా అరిగించుకుని తట్టుకోగలదు. మన కడుపు తట్టుకోలేదు. మాంసం ఉడికించాం కదా అనుకోవద్దు, కోసేటప్పుడే చేతి గాయంలోంచి జబ్బు ఎక్కుతుంది, బీజాలు మామూలు వంట వేడికి లొంగవు.

పేదింట్లో ఒక ఆవు పోతే ఎంత నష్టమో మాకు తెలుసు. ఆ మాంసం వదులుకోమనడం తేలిక మాట కాదు. కానీ దాని ఖరీదు ఇంట్లో ఒక మనిషి కావచ్చు.

చట్టం ఏం చెప్తుంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, పండగ పేరుతో చేసినా నేరమే. చిరుత, ఎలుగుబంటి లాంటి మొదటి షెడ్యూల్ జంతువుల్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. అడవి మీద హక్కులిచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఆకులు, పళ్ళు, తేనె లాంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది గానీ, వేటాడే హక్కుని స్పష్టంగా మినహాయించింది. చైత పరబ్ మన పొరుగువాళ్ళకి ప్రాణం లాంటి పండగ. మన పిల్లల స్నేహితుల్లో చాలామంది ఆ ఇళ్ళవాళ్ళే. వాళ్ళని తప్పుపట్టడానికి ఇది రాయలేదు. ధెంసా ఆట, పాట, మామిడికాయ పండగ ఎప్పటికీ ఉండాలి. అడవిలో జంతువు కూడా ఉండాలి.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

1. అడవి దారిలో గాని పొలంలో గాని చచ్చిన జంతువు కనిపిస్తే, ఒక్కచోటే కాకులు గోల చేస్తున్నా, దగ్గరికి వెళ్ళొద్దు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి పెద్దవాళ్ళకి చెప్పండి. వేట తాలూకు జంతువు దగ్గర్లోనే ఉండొచ్చు.

2. చిరుత మేకనో దూడనో చంపితే కళేబరాన్ని కదపొద్దు, విషం కలపొద్దు. అటవీశాఖ వాళ్ళకి వెంటనే చెప్పండి. అడవి జంతువు వల్ల పశువు పోతే నష్టపరిహారం ఇచ్చే నిబంధనలు మన రాష్ట్రంలో ఉన్నాయి. చూపించడానికి కళేబరం అక్కడే ఉండాలి.

3. ఉన్నట్టుండి చచ్చిన పశువుని కొయ్యొద్దు, తోలు తియ్యొద్దు, తినొద్దు. కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి. పశువుల ఆసుపత్రికి గాని 1962 నంబరుకి గాని ఫోన్ చెయ్యండి. వాళ్ళు చెప్పినట్టు సున్నం వేసి, ఆరడుగుల లోతు గోతిలో పూడ్చాలి. అలాంటి పశువుని ముట్టుకున్నాక ఒంటిమీద నొప్పిలేని నల్లటి పుండు లేస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ముందుగా వెళ్తే మామూలు మందులతోనే నయమవుతుంది.

4. కుక్క గాని నక్క గాని కరిచినా, గీరినా, గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారం, ఆకుపసరు పెట్టొద్దు. సూదులు అన్నీ పూర్తి చెయ్యాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు లేదు. ఇంట్లో తిడతారని కుక్క కరిచిన సంగతి పిల్లలు దాస్తారు. దాచొద్దని ముందే ధైర్యం చెప్పి ఉంచండి.

5. మాంసం కొట్టు వ్యర్థాల్ని, కోడి ఈకల్ని బడి దారిలో, చెరువు గట్టున పారెయ్యొద్దు. ఏది పారేస్తే దానికి తగ్గ చుట్టాలే వస్తారు.

పిల్లలకు చిన్న పని

ఒక వారం పాటు రోజూ పొద్దున్న పది నిమిషాలు మీ ఇంటి దగ్గర్లో కాకులు, గద్దలు, కుక్కలు ఎక్కడ చేరుతున్నాయో నోటుపుస్తకంలో రాయండి. తేదీ, సమయం, ఎన్ని వచ్చాయి, ఏ చప్పుడు తరవాత వచ్చాయి అన్న నాలుగు గడులు చాలు. దూరం నుంచే చూడాలి, కుక్కల దగ్గరికి వెళ్ళకూడదు. దానితో పాటు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళని ఒక ప్రశ్న అడగండి: "మీరు ఆఖరిసారి రాబందుని ఎక్కడ, ఎప్పుడు చూశారు?" జవాబు వాళ్ళ మాటల్లోనే రాసుకుని రండి. అన్నీ కలిపి తరగతి గోడ మీద మన జిల్లా పటం గీసి, రాబందులు కనిపించిన ఊళ్ళన్నిటికీ చుక్కలు పెడదాం.

వెనక బెంచీ అబ్బాయి ఈ పని అప్పుడే మొదలెట్టీశాడు. వాళ్ళ మామ్మ చెప్పిన ఊరితో పటంలో మొదటి చుక్క పడబోతోంది. మీ ఇంటి చుక్క కోసం చూస్తుంటాం.

— సైన్స్ ఉపాధ్యాయులు